అంతర్జాతీయ బడిలో దేనికి చెల్లిస్తున్నాం?

పిల్లల్ని ఏ బడిలో వేయాలన్న చర్చ తెలుగిళ్లలో ఇప్పుడు బోర్డుల పేర్ల చుట్టూ తిరుగుతోంది. స్టేట్ సిలబస్, సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ, కేంబ్రిడ్జ్, ఐబీ అని ఒక వరుస పెట్టుకుని, ఆ వరుసలో ముందుకు పోయేకొద్దీ చదువు గొప్పదవుతుందనీ, ఏటా లక్షల్లో ఉండే ఫీజు ఆ గొప్ప చదువు ఖరీదేననీ అనుకుంటున్నాం. ఈ లెక్క సగమే నిజం. న్యూటన్ సూత్రాలు ఏ బోర్డులోనైనా అవే. పదకొండు, పన్నెండు తరగతుల భౌతికశాస్త్రంలో ఐబీ విద్యార్థి చదివే పాఠాలకూ ఇంటర్ ఎంపీసీ విద్యార్థి చదివే పాఠాలకూ పోలిక చాలానే ఉంటుంది. చేయించే లెక్కల సంఖ్యలో, వాటి కఠినతలో ఎంపీసీదే పైచేయి అని ఒప్పుకోవాలి కూడా. అసలు తేడా ఇంకోచోట ఉంది. విద్యార్థి సొంతంగా చేసిన పనిని ఒక పెద్దమనిషి కూర్చుని ఎంతసేపు చదువుతున్నాడు, ఏ ప్రమాణంతో తూస్తున్నాడు, అలా తూచినవాణ్ని మళ్లీ ఎవరు తూస్తున్నారు అన్నదే ఆ తేడా. అంతర్జాతీయ బడిలో కొనదగిన సరుకంటూ ఉంటే అది ఉపాధ్యాయుడి సమయం, ఆ సమయానికి కాపలాగా నిలిచే మూల్యాంకన పద్ధతి. ఆ రెండూ లేని చోట బోర్డు పేరు, ఏసీ బస్సు, ఈతకొలను మిగులుతాయి.

ఈ బడులు మొదట మన కోసం పుట్టినవి కావు. నానాజాతి సమితి, అంతర్జాతీయ కార్మిక సంస్థల్లో పనిచేసే ఉద్యోగుల పిల్లల కోసం 1924లో జెనీవాలో ఒక అంతర్జాతీయ పాఠశాల వెలిసింది. తండ్రికి బదిలీ అయితే పిల్లవాడి చదువు తెగిపోకూడదు, ఏ దేశపు విశ్వవిద్యాలయమైనా ఒప్పుకునే ఒకే సర్టిఫికెట్ చేతికి రావాలి అన్నది అక్కడి అవసరం. ఆ అవసరమే 1968లో ఇంటర్నేషనల్ బాకలోరియా (ఐబీ) అనే సంస్థగా రూపు కట్టింది. దాని తొలి సారథి అలెక్ పీటర్సన్ ఆక్స్‌ఫర్డ్ విద్యాశాఖ నుంచి వచ్చినవాడు. అన్ని విషయాలూ బట్టీ పట్టించే ఫ్రెంచి పద్ధతికీ, పదహారేళ్లకే మూడు సబ్జెక్టులకు కుదించేసే ఇంగ్లండు పద్ధతికీ నడుమ ఆయన ఒక దారి వెతికాడు. మన దేశంలో ఐబీ డిప్లొమాను మొదట తెచ్చుకున్నది కొడైకెనాల్ ఇంటర్నేషనల్ స్కూల్, 1976లో. అది 1901లో మిషనరీల పిల్లల కోసం మొదలైన బడి. తెలుగు నేల మీద చూస్తే, 1972లో పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ ఏర్పడ్డాక, అక్కడికి వచ్చిన విదేశీ శాస్త్రవేత్తల పిల్లల కోసం ఆ ఆవరణలోనే ఒక అంతర్జాతీయ బడి నడిచింది. అప్పటిదాకా కథ మారలేదు: వచ్చి పోయేవాళ్ల పిల్లలకు వచ్చి పోయే చదువు.

1998లో హైటెక్ సిటీ తెరుచుకున్నాక మారింది. అమెరికాలో కొన్నేళ్లుండి తిరిగొచ్చిన తెలుగు కుటుంబాలు, వాళ్ల పక్క ఫ్లాట్లలో ఎన్నడూ దేశం దాటని కుటుంబాలు, ఇద్దరూ ఒకే బడి గేటు ముందు నిలబడ్డారు. గచ్చిబౌలి, ఖాజాగూడ, నానక్‌రామ్‌గూడల చుట్టూ అంతర్జాతీయ బడులు లేచాయి. ఆ తర్వాత పెట్టుబడి సంస్థల చూపూ పడింది; హైదరాబాద్‌లో పుట్టిన ఓక్‌రిడ్జ్ బడులను 2019లో నార్డ్ ఆంగ్లియా అనే బహుళజాతి విద్యాసంస్థ కొనుక్కుంది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. బదిలీల మీద తిరిగే కుటుంబం కోసం తయారైన చదువు, ఒకే ఊళ్లో పుట్టి పెరిగే పిల్లల చేతికి వచ్చింది. సర్టిఫికెట్ ఎన్ని దేశాల్లో చెల్లుతుందన్న పాత ప్రశ్న వీళ్లలో చాలామందికి పన్నెండో తరగతి దాకా ఎదురే కాదు. మరి ఈ చదువు వీళ్లకు ఇంకేం ఇస్తోందో చూడాలి కదా.

ఐబీ డిప్లొమా రెండేళ్లలో ఆరు సబ్జెక్టులుంటాయి. మామూలుగా మూడింటిని హయ్యర్ లెవెల్‌లో ఒక్కోటి 240 గంటలు, మూడింటిని స్టాండర్డ్ లెవెల్‌లో ఒక్కోటి 150 గంటలు చదవాలి. ఒక్కో సబ్జెక్టుకు ఏడు పాయింట్లు, మొత్తం నలభై రెండు. మరో మూడు పాయింట్లు ‘థియరీ ఆఫ్ నాలెడ్జ్’ అనే జ్ఞానమీమాంస పాఠానికీ, నాలుగు వేల మాటల లోపు రాయాల్సిన పరిశోధన వ్యాసానికీ కలిపి. 24 పాయింట్లకు తక్కువైతే డిప్లొమా రాదు. ఇదంతా ఏ కరపత్రంలోనైనా దొరుకుతుంది. కరపత్రాల్లో సాధారణంగా కనిపించనిది అసలు యంత్రాంగం. సైన్సు తీసుకున్న విద్యార్థి తన ప్రశ్న తానే వేసుకుని, ప్రయోగం చేసి, నివేదిక రాయాలి. ఆ సబ్జెక్టు మార్కుల్లో ఐదో వంతు దానిదే. ఆ నివేదికకు మార్కులు వేసేది ఆ బడి ఉపాధ్యాయుడే. కానీ ఆయన మాటే చివరి మాట కాదు. తరగతి నుంచి కొన్ని నమూనాలు బయటి పరీక్షకుడికి వెళ్తాయి. బడి ఉదారంగా వేసిందని ఆయన తేలిస్తే ఆ నమూనాలకే కాదు, తరగతి మొత్తానికీ మార్కులు తగ్గుతాయి. పిల్లల మీద ప్రేమతోనో, బడి పరువు కోసమో వేసిన రెండు మార్కులు చివరికి పిల్లలకే నష్టం తెస్తాయన్నమాట. ఇక నాలుగు వేల మాటల వ్యాసానికి గైడుగా ఉండే ఉపాధ్యాయుడు ఒక్కో విద్యార్థికి మూడు నుంచి ఐదు గంటలు కేటాయించాలని ఐబీ చెబుతుంది. చివర్లో చిన్న మౌఖిక సంభాషణ కూడా ఉంటుంది.

ఈ గంటల్ని మన తరగతి గదిలోకి తెచ్చి లెక్క వేద్దాం. నలభై మంది చొప్పున నాలుగు సెక్షన్లు చూసే ఫిజిక్స్ లెక్చరర్ చేతిలో నూట అరవై మంది ఉంటారు. ఒక్కొక్కరి నివేదిక చిత్తుప్రతిని గంటసేపు చదివి, అంచుల్లో రాసి, తిరిగి ఇవ్వాలంటే నూట అరవై గంటలు. ఆరు గంటల పనిదినం చొప్పున అది దాదాపు ఇరవై ఏడు రోజులు, అదీ పాఠం చెప్పడం మానేస్తే. పన్నెండు మందున్న డిప్లొమా తరగతిలో అదే పని రెండు రోజుల్లో తెములుతుంది. ఫీజులో పెద్ద వాటా పోవాల్సింది ఇక్కడికి. నిజంగా ఇక్కడికే పోతోందా, ముందు హాలులోని పాలరాతికి పోతోందా అన్నది బడి బడికీ మారుతుంది.

నమూనా మాత్రం తెచ్చుకుని యంత్రాంగాన్ని వదిలేస్తే ఏమవుతుందో మన దగ్గరే రుజువైంది. సీబీఎస్ఈ 2009లో నిరంతర సమగ్ర మూల్యాంకనాన్ని మొదలుపెట్టింది. పదో తరగతి బోర్డు పరీక్ష ఐచ్ఛికమైంది. ప్రాజెక్టులు, కార్యకలాపాలు, ఫార్మేటివ్ అసెస్‌మెంట్లు వచ్చాయి. కాగితం మీద అది ఐబీకి దగ్గరి చుట్టమే. ఆచరణలో ప్రాజెక్టులు ఇంట్లో అమ్మానాన్నలు చేశారు, లేదా స్టేషనరీ షాపులో అట్టల సహా సిద్ధంగా దొరికాయి. 2018 నుంచి బోర్డు పరీక్ష మళ్లీ తప్పనిసరి అయింది. తెలుగు రాష్ట్రాల పదో తరగతి ఇంటర్నల్ మార్కుల కథ అంతకన్నా సూటిగా ఉంటుంది. ఎనభై మార్కులకు పరీక్ష, ఇరవై మార్కులు బడి చేతిలో. ఆ ఇరవైకి ఇరవై వేసేందుకు ప్రైవేటు బడులకు అడ్డేమీ లేదు, వేయకపోవడానికి కారణమూ లేదు. ఆంధ్రప్రదేశ్ 2019లో ఆ మార్కుల్ని ఎత్తేసింది. దీని నుంచి చాలామంది తీసిన పాఠం, మన ఉపాధ్యాయుల్ని నమ్మలేం అని. నాకు తోచేది వేరు. ఉపాధ్యాయుణ్ని నమ్మడానికి కావలసిన ఏర్పాటు ఏదీ చేయకుండా నమ్మాం. నమూనాలు చూసే బయటి కన్ను లేదు, పిల్లల పని చదివే తీరిక లేదు. ఆ స్థితిలో జెనీవా ఉపాధ్యాయుడైనా ఇరవైకి ఇరవై వేసేవాడే.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటి వస్తుంది. ఈ బడుల్లో చేరేది ఉన్నవాళ్ల పిల్లలు. ఇంట్లో పుస్తకాలుంటాయి, ఇంగ్లీషు ఉంటుంది, ట్యూషన్లుంటాయి. వాళ్లు ఎక్కడ చదివినా రాణిస్తారు, మధ్యలో పద్ధతికి పేరెందుకు? హైదరాబాద్ ఫలితాలు చూపించి ఈ మాటను కాదనలేం. కానీ షికాగో చూపించి కొంతవరకు కాదనవచ్చు. 1997లో ఆ నగరం తన ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో పదికి పైగా చోట్ల, ఎక్కువగా పేద నల్లజాతి, లాటినో పిల్లలున్న పేటల్లో, ఐబీని ప్రవేశపెట్టింది. షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనం, ఆ పిల్లల్ని అలాంటి నేపథ్యం, అలాంటి మార్కులే ఉన్న ఇతర పిల్లలతో పోల్చింది. డిప్లొమా చదివినవాళ్లు నాలుగేళ్ల డిగ్రీలో చేరే అవకాశం 40 శాతం, మరింత గట్టి ఎంపిక ఉండే కళాశాలల్లో చేరే అవకాశం 50 శాతం ఎక్కువని తేలింది. అయితే అదే అధ్యయనంలో మరో సంగతీ ఉంది: తొమ్మిదో తరగతిలో ఐబీ దారిలో మొదలై, చివరి రెండేళ్ల డిప్లొమాలోకి రాకుండా ఆగిపోయినవాళ్లకు ఆ లాభం పెద్దగా దక్కలేదు. అంటే బడి పేరు, బడి వాతావరణం పని చేయలేదు. ఆ రెండేళ్ల రాత, దిద్దుబాటు పనిచేశాయి. నా వాదనకు ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం నాకు కనబడలేదు. ప్రపంచంలోని ఐబీ బడుల్లో సగం దాకా ప్రభుత్వ బడులేనన్న సంగతి కూడా మన దగ్గర ఎవరూ చెప్పుకోరు. ఐబీ అంటే ప్రైవేటే అన్నది మన అనుభవమే కానీ దాని స్వభావం కాదు.

రెండో అభ్యంతరం మన ప్రాంతానిదే, అన్నిటికన్నా పదునైనదీ అదే. ఎంత బాగా రాయడం నేర్పితే ఏం, ఐఐటీ గేటు దగ్గర నాలుగు వేల మాటల వ్యాసం ఎవరడుగుతారు? ఇది నిజం. తారీఖులే ఇబ్బంది పెడతాయి. ఐబీ చివరి పరీక్షలు ఏప్రిల్ చివరి నుంచి మే మూడో వారం దాకా సాగుతాయి. నీట్ 2024లో మే 5న, 2025లో మే 4న జరిగింది. 2025 జేఈఈ అడ్వాన్స్‌డ్ మే 18న. డిప్లొమా ఫలితాలు జులై 5 ప్రాంతంలో వస్తాయి, అప్పటికి ఇక్కడి కౌన్సెలింగులు ఊపులో ఉంటాయి. డాక్టరు చదువు కోరే పిల్లకు ఇంకో చిక్కు: ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ కావాలంటే మామూలు డిప్లొమా చట్రంలో ఇమడదు, ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. భారత విశ్వవిద్యాలయాల సంఘం ఈ డిప్లొమాను పన్నెండో తరగతితో సమానంగా గుర్తిస్తుంది కాబట్టి తలుపు మూసి లేదు. కానీ తలుపు దగ్గరికి వెళ్లే రోజే కుదరదు. అందుకే హైదరాబాద్‌లో పదో తరగతి అయ్యాక పెద్ద వడపోత జరుగుతుంది. ఇక్కడే ఇంజనీరింగు, మెడిసిన్ కావాలనుకునేవాళ్లు కార్పొరేట్ జూనియర్ కళాశాలకు మారతారు, విదేశం పోయేవాళ్లు మిగులుతారు.

ఈ వడపోతలో ఎవరూ మాట్లాడని నష్టం ఉంది. పైన చెప్పిన అసలు సరుకు, అంటే సొంత ప్రశ్న, సొంత నివేదిక, దిద్దుబాటు, ఎక్కువగా దొరికేది చివరి రెండేళ్లలోనే. పదేళ్లు ఫీజు కట్టి సరిగ్గా ఆ రెండేళ్ల ముందు మారిపోయే కుటుంబం, పదేళ్లపాటు కొన్నది ప్రధానంగా ఇంగ్లీషు ఉచ్చారణ, సభలో లేచి మాట్లాడే ధైర్యం, మంచి ఆటస్థలం. అవి చిన్నవేం కావు. కానీ వాటికి అంత ఖర్చు అక్కర్లేదు. తిరగేసి చెప్పాలంటే, ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లో తెల్లవారుజాము స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా లెక్కలు చేసే పిల్లవాడి శ్రమనూ వెక్కిరించక్కర్లేదు. ఒక లెక్కను రెండు నిమిషాల్లో పట్టుకునే చురుకుదనం నిజమైన నైపుణ్యమే. అక్కడ లేనిది వేరే: పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి అతను సొంతంగా రాసిన పేజీ ఒక్కటైనా ఏ పెద్దమనిషీ ఆసాంతం చదివి ఉండడు.

విద్యార్థి జీవితం విషయంలో ఈ బడుల ప్రచారానికీ నిజానికీ దూరం ఎక్కువ. ఒత్తిడి లేని చదువు అన్నది పచ్చి అబద్ధం. డిప్లొమా రెండో ఏడాది శీతాకాలంలో ఆరు ఇంటర్నల్స్, పరిశోధన వ్యాసం, విదేశీ విశ్వవిద్యాలయాల దరఖాస్తులు ఒకేసారి మీద పడతాయి. పరీక్ష ఒక్కరోజు భయం పోయి, గడువుల భయం రెండేళ్లకు పరుచుకుంటుంది. దీన్ని తట్టుకోవడం కూడా ఒక చదువే, కానీ హాయి మాత్రం కాదు. సృజన, వ్యాయామం, సేవ అని పద్దెనిమిది నెలలు నడిచే కార్యక్రమం ఒకటుంది. దాని వెనక కుర్ట్ హాన్ ఆలోచనలున్నాయి, 1962లో వేల్స్‌లో అట్లాంటిక్ కాలేజీని స్థాపించినవాడు ఆయన. సముద్రంలో మునిగేవాళ్లను కాపాడే పనిని కూడా హాన్ చదువులో భాగం చేశాడు. మన దగ్గర ఆ సేవ తరచుగా ఒక శనివారం ప్రభుత్వ బడికి వెళ్లి, నోటుపుస్తకాలు పంచి, ఫొటోలు తీసుకుని, ప్రతిస్పందన పేరాలు రాయడంగా కుంచించుకుపోయింది. ఆ ప్రభుత్వ బడి పిల్లలు వీళ్లకు ఏమైనా నేర్పగలరన్న ఊహే ఆ ఏర్పాటులో ఉండదు. మోడల్ యునైటెడ్ నేషన్స్‌లో ఉగాండా తరఫున అనర్గళంగా వాదించే పిల్ల, తన బడి బస్సు డ్రైవరు ఏ జిల్లా నుంచి వలస వచ్చాడో తెలియకుండానే బడి దాటిపోతుంది.

భాష సంగతి దీనికి ఆనుకునే ఉంది, అయితే ఇక్కడ నింద వేయాల్సింది పాఠ్యప్రణాళిక మీద కాదు. ఐబీ సబ్జెక్టుల్లో మొదటి విభాగం విద్యార్థికి బాగా వచ్చిన భాషలోని సాహిత్యం కోసమే ఉద్దేశించింది. బడిలో బోధించే ఉపాధ్యాయుడు లేకపోయినా, సొంత భాషా సాహిత్యాన్ని బడి తోడ్పాటుతో తానే చదువుకునే మార్గం కూడా పెట్టింది. జపాన్ అయితే డిప్లొమాలో కొన్ని సబ్జెక్టులను జపనీస్‌లోనే చదివే ఏర్పాటు చేయించుకుంది. హైదరాబాద్ బడులు ఆ విభాగాన్ని దాదాపుగా ఇంగ్లీషుకు అప్పగించాయి, తల్లిదండ్రులు సంతోషించారు. తెలంగాణ 2018లో చేసిన చట్టం ఒకటి నుంచి పది దాకా అన్ని బోర్డుల బడుల్లో తెలుగును తప్పనిసరి చేసింది. 2025లో తొమ్మిది, పది తరగతులకు ‘సింగిడి’ బదులు తేలికైన ‘వెన్నెల’ వాచకం వాడుకోమని సర్దుబాటు ఇచ్చింది. తెలుగు రాని పిల్లలకు తేలిక పుస్తకం ఇవ్వడం సబబే. కానీ ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు కూడా ఆ తేలిక పుస్తకంతోనే సరిపెట్టుకుంటే, తమ అమ్మమ్మ మాటల మీద నాలుగు వేల మాటల పరిశోధన చేసే అవకాశాన్ని చేతులారా వదులుకున్నట్టే. పద్ధతి ఆ అవకాశాన్ని ఇస్తోంది, వద్దన్నది మనం.

ఉపాధ్యాయుడి మాట మీద నడిచే ఈ మూల్యాంకనం పగుళ్లు లేనిదేం కాదు. 2020 మే పరీక్షలు కోవిడ్ వల్ల రద్దయినప్పుడు ఐబీ, ఇంటర్నల్ పని, బడి అంచనా మార్కులు, బడి పాత చరిత్ర కలిపి ఒక సూత్రంతో పాయింట్లు ఇచ్చింది. ఏ బడిలో చదివావన్నది నీ మార్కును నిర్ణయిస్తుందా అని ప్రపంచమంతటా పిల్లలు నిలదీశారు. 2024 మేలో ముందు పరీక్ష రాసిన దేశాల వాళ్లు ప్రశ్నల్ని ఆన్‌లైన్‌లో పెడితే తర్వాత రాసే కాలమండలాల వాళ్లు చూసిన వ్యవహారం బయటపడింది. వీటికన్నా లోతైన పగులు కృత్రిమ మేధ. చాట్‌జీపీటీని నిషేధించం, వాడితే ఆధారంగా పేర్కొనండి అని ఐబీ 2023లోనే ప్రకటించింది. నిషేధం అమలు కాదు కాబట్టి అది తెలివైన మాటే. కానీ నాలుగు వేల మాటలు నాలుగు నిమిషాల్లో పుట్టే కాలంలో, ఇది ఈ పిల్లవాడి ఆలోచనేనని ఎవరు చెప్పగలరు? అతని మూడు చిత్తుప్రతులు చూసి, మధ్యలో రెండుసార్లు ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు వేసిన ఉపాధ్యాయుడు మాత్రమే. యంత్రం వచ్చి ఉపాధ్యాయుడి సమయం అవసరాన్ని తగ్గిస్తుందనుకున్నవాళ్లకు ఇక్కడ ఉల్టా జరుగుతోంది. ఆ సమయం పెట్టలేని బడిలో పరిశోధన వ్యాసం ఇక వట్టి లాంఛనమే.

ఇదంతా డబ్బున్నవాళ్ల వ్యవహారమని తోసిపుచ్చేందుకు వీల్లేకుండా చేసింది ఆంధ్రప్రదేశ్. 2024 జనవరి 31న రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ మండలి ఐబీతో ఒప్పందం చేసుకుంది. ప్రభుత్వ బడుల్లో ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏటా ఒక తరగతి చొప్పున పైకి తీసుకుపోవాలన్నది ఆలోచన. ఆ ఏడాదే ప్రభుత్వం మారింది, ఆలోచన ముందుకు సాగలేదు. రాజకీయాల వాదన పక్కన పెడితే, ప్రభుత్వ బడి పిల్లలకు ఐబీ ఎందుకన్న వెటకారాన్ని నేను ఒప్పుకోను. ఈక్వెడార్ లాంటి చిన్న దేశం పెద్ద ఎత్తున ప్రభుత్వ బడుల్లో డిప్లొమా నడుపుతోంది. ఒప్పందంపై నా అనుమానం వేరే. విద్యాహక్కు చట్టం ప్రాథమిక బడిలో ముప్పై మందికి ఒక ఉపాధ్యాయుడు అంటుంది. ఏకోపాధ్యాయ బడుల్లో ఒకే మనిషి ఐదు తరగతులు చూస్తూ, మధ్యలో బోధనేతర పనులూ చేసే చోట ఐబీ సంతకం ఏం మారుస్తుంది? బ్రాండుకు కట్టే సొమ్ముతో కొన్ని వందల ఉన్నత పాఠశాలల్లో ఒక్క సబ్జెక్టులోనైనా, ఒక్కో పిల్లవాడి ఒక్క నివేదికనైనా చదివే తీరిక ఉపాధ్యాయుడికి కల్పించి, పక్క జిల్లా ఉపాధ్యాయులతో నమూనాలు దిద్దించి ఉంటే అంతర్జాతీయ పద్ధతిలో నిజంగా పనికొచ్చే ముక్క మన చేతికి వచ్చేది. దానికి జెనీవా అనుమతి అక్కర్లేదు.

ప్రైవేటు బడి అడ్మిషన్ కౌంటరు దగ్గర కూర్చున్న తల్లిదండ్రులకు కూడా ఇదే కొలత పనికొస్తుంది. డిప్లొమా కెమిస్ట్రీ తరగతిలో ఎంతమంది ఉన్నారు? ఆ ఉపాధ్యాయులు ఈ బడిలో ఎన్నేళ్లుగా ఉన్నారు, ఏటా ఎంతమంది మారిపోతున్నారు? గత మూడేళ్లలో బడి వేసిన ఇంటర్నల్ మార్కుల్ని బయటి పరీక్షకులు ఎంత తగ్గించారు, ఎంత పెంచారు? చివరి ప్రశ్నకు జవాబు ప్రతి ఐబీ బడి దగ్గరా ఉంటుంది, ఎందుకంటే ఫలితాలతో పాటు ఆ వివరం సంస్థ నుంచి బడికి అందుతుంది. అడిగేవాళ్లు తక్కువ కాబట్టి చూపించే అలవాటు ఇంకా బడులకు రాలేదు.